జేజేలు ఎందుకు నిలవవు? నెల్లూరు, ప్రకాశం జిల్లాలు చెప్పే లెక్క

క్లుప్తంగా: నాయకుల మీద జనాభిమానం ఒక్క రాత్రిలో తలకిందులైనట్టు కనిపించే చోట్ల చాలాసార్లు మారేది నూటికి పదిమంది మనసే. మన ఎన్నికల పద్ధతి ఆ పదిమందిని వరదలా చూపిస్తుంది. ఉపఎన్నికల మెజారిటీలు, తోలుకొచ్చిన జనం ఆ కొలతను ఇంకా చెడగొడతాయి. జనం కంటే ముందే మారేది నాయకుడి చుట్టూ ఉన్నవాళ్లు.

ఉమ్మడి ప్రకాశం జిల్లా గిద్దలూరులో 2019లో వైఎస్సార్‌సీపీ అభ్యర్థి 81 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోనే అతి పెద్ద మెజారిటీల్లో అదొకటి. అయిదేళ్లు తిరిగేసరికి 2024లో అదే గిద్దలూరులో ఆ పార్టీ వెయ్యి కంటే తక్కువ ఓట్లతో సీటు పోగొట్టుకుంది. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో మార్పు ఇంకా నిట్టనిలువుగా వచ్చింది. అక్కడ 2019లో పదికి పది స్థానాలు వైఎస్సార్‌సీపీవి, 2024లో పదికి పది టీడీపీవి.

ఇలాంటి ఫలితం వచ్చిన ప్రతిసారీ రెండు మాటలు వినిపిస్తాయి. ఓడిన వైపు వాళ్లు "జనానికి విశ్వాసం లేదు, ఏరు దాటాక తెప్ప తగలేశారు" అంటారు. గెలిచిన వైపు వాళ్లు "జనం కళ్లు తెరిచారు" అంటారు. రెండూ జనాన్ని ఒకే ముద్దగా చూసే మాటలే. అంకెల్ని విడదీసి చూస్తే రెంటికీ ఆధారం బలంగా లేదు.

## పదిమంది మారితే పదికి పది

రాష్ట్రం మొత్తం లెక్క ముందు చూడాలి. 2019లో వైఎస్సార్‌సీపీకి 49.95 శాతం ఓట్లు, 151 సీట్లు వచ్చాయి. 2024లో 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు వచ్చాయి. ఓట్లలో తగ్గింది నూటికి పదిన్నర. సీట్లలో పోయింది 140. ఇక 2019లో ఓడిన టీడీపీకి అప్పుడు వచ్చింది 39.17 శాతం. అంటే ఘోరంగా ఓడిందని చెప్పుకున్న ఏడాది టీడీపీకి, ఘోరంగా ఓడిందని చెప్పుకున్న ఏడాది వైఎస్సార్‌సీపీకి దక్కిన జనాదరణ దాదాపు సమానం. పదిమందిలో నలుగురు రెండుసార్లూ ఓడినవాళ్ల వెంటే నిలబడ్డారు.

మన పద్ధతిలో నియోజకవర్గంలో ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడిదే సీటు. ఓట్లు రాష్ట్రమంతా సమంగా పరుచుకుని ఉన్నప్పుడు చిన్న మొగ్గు కూడా అన్ని తక్కెళ్లనూ ఒకేవైపు వంచుతుంది. దానికి తోడు 2019లో విడివిడిగా పోటీ చేసిన టీడీపీ, జనసేన, బీజేపీ 2024లో కలిశాయి. ఆ కలయిక వల్ల వచ్చిన సీట్లను జనం మనసు మార్పు ఖాతాలో వేయడం సరికాదు.

నెల్లూరు సిటీ ఈ సంగతిని దగ్గరగా చూపిస్తుంది. 2019లో అక్కడ టీడీపీ అభ్యర్థి పొంగూరు నారాయణ ఓడింది 1,988 ఓట్లతో. అంటే వెయ్యిమంది ఇటు నుంచి అటు జరిగితే ఫలితమే వేరు. ఓడిపోయాక మాత్రం ఊరంతా ఆయన్ను కాదన్నట్టే చర్చ నడిచింది. 2024లో ఆయనే 72 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. ఈసారి ఊరంతా ఆయన వైపేనని చర్చ. మొదటిది బొత్తిగా తప్పు, రెండోదాంట్లో కొంత నిజముంది.

## ఉపఎన్నిక మెజారిటీ ఎందుకు మోసం చేస్తుంది

ఈ రెండు జిల్లాల్లో అభిమానాన్ని అతిగా కొలిచిన సందర్భాలు ఎక్కువగా ఉపఎన్నికలే. 2012 జూన్‌లో నెల్లూరు లోక్‌సభ ఉపఎన్నికలో వైఎస్సార్‌సీపీ తరఫున మేకపాటి రాజమోహనరెడ్డి 2.91 లక్షల మెజారిటీతో గెలిచారు. పోలింగుకు రెండు వారాల ముందే ఆ పార్టీ అధినేత జగన్‌మోహన్‌రెడ్డి అరెస్టయ్యారు, సానుభూతి పతాక స్థాయిలో ఉంది. రెండేళ్లు తిరగకుండా 2014లో అదే స్థానంలో, అదే పార్టీ తరఫున, అదే మనిషి గెలిచిన తేడా 13 వేల పైచిలుకు మాత్రమే.

ఆత్మకూరు కథ కూడా ఇదే దారిలో నడిచింది. మంత్రిగా ఉన్న మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరిలో హఠాత్తుగా చనిపోయారు. జూన్‌లో జరిగిన ఉపఎన్నికలో ఆయన తమ్ముడు విక్రమ్‌రెడ్డికి 82,888 ఓట్ల మెజారిటీ వచ్చింది. ప్రధాన ప్రతిపక్షమైన టీడీపీ అసలు పోటీలోనే లేదు. 2024లో అదే స్థానాన్ని టీడీపీ తరఫున ఆనం రామనారాయణరెడ్డి గెలుచుకున్నారు, తేడా 7 వేల పైచిలుకు.

ఉపఎన్నికలో ప్రభుత్వం మారదు. చనిపోయిన మనిషికి నమస్కారం పెట్టినట్టుగానో, జైల్లో ఉన్న మనిషికి అండగా నిలిచినట్టుగానో ఓటు వేయడానికి ఓటరుకు ఖర్చేమీ లేదు. అసలు ఎన్నిక వచ్చేసరికి కరెంటు బిల్లు, ధాన్యం ధర, పిల్లల ఉద్యోగం, భూమి పాసు పుస్తకం అన్నీ లెక్కలోకి వస్తాయి. అప్పుడు వేసిన ఓటుకూ ఇప్పుడు వేసిన ఓటుకూ మధ్య ఓటరు మాట తప్పిందేమీ లేదు. అడిగిన ప్రశ్నే వేరు.

## తోలిన జనం, నిలిచిన జనం

నాయకుడికి తన మీద అభిమానం ఎంతుందో కనిపించేది బయటికొచ్చిన జనంలోనే. ఆ జనం ఎలా వస్తారో ఊళ్లో అందరికీ తెలుసు. ముఖ్య నాయకుడి పర్యటన ఖరారు కాగానే మండలానికి ఇన్ని వేలమంది అని లెక్క పడుతుంది. మండలం నుంచి ఊరికి, ఊరి నుంచి వీధికి ఆ లెక్క దిగుతుంది. ట్రాక్టర్లు, ఆటోలు, బడి బస్సులు మాట్లాడతారు. భోజనం పొట్లాలు, మంచినీళ్ల ప్యాకెట్లు, ఆ రోజు కూలి పోయినందుకు ఎంతో కొంత. ఊరి భాషలో దీన్ని "జనాన్ని తోలడం" అంటారు. అయితే వచ్చినవాళ్లలో నిజమైన అభిమానంతో వచ్చినవాళ్లూ ఉంటారు. వేదిక మీది నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా చెయ్యి ఊపుతారు కాబట్టి నాయకుడికి తేడా తెలిసే దారి లేదు.

ఫ్లెక్సీని చూస్తే ఈ యంత్రాంగం మొత్తం అర్థమవుతుంది. ఒంగోలు అద్దంకి బస్టాండు దగ్గర గానీ నెల్లూరు వీఆర్సీ సెంటర్లో గానీ కట్టిన ఏ ఫ్లెక్సీనైనా కాసేపు నిలబడి చదవాలి. పైన పెద్ద నాయకుడు, పక్కన ఎమ్మెల్యే, కింద బారులు తీరిన పాస్‌పోర్టు సైజు ముఖాలు. ఫ్లెక్సీకి డబ్బు పెట్టింది ఆ కింది ముఖాలవాళ్లు. వాళ్లు చాటుకుంటున్నది నాయకుడి గొప్పతనం కంటే ఆయన దగ్గర తమకున్న చనువును. కార్యక్రమం అయిపోయిన రాత్రికే తాళ్లు కోస్తారు. అప్పటి నుంచి దాని రెండో జీవితం మొదలవుతుంది. కొండపి వైపు పొగాకు బ్యారన్ పక్కన కట్టెల మోపుల మీద, కోవూరు వైపు కల్లంలో వడ్ల రాశి మీద అది పరదాగా తేలుతుంది. వాన నీళ్లు అక్షరాలున్న వైపు తక్కువ నిలుస్తాయో ఎక్కువ నిలుస్తాయో చూసి తిప్పుతారు తప్ప, బొమ్మలో ఉన్నదెవరని ఎవరూ చూడరు. ఇందులో అవమానించే ఉద్దేశం లేదు. రైతుకు కావాల్సింది గట్టి పరదా, అంతే.

ఈ ప్రదర్శన పోటీకి మనుషుల ప్రాణాలు కూడా పోయాయి. 2022 డిసెంబరు 28న కందుకూరులో చంద్రబాబు నాయుడి రోడ్‌షోలో జరిగిన తొక్కిసలాటలో ఎనిమిదిమంది చనిపోయారు. ఇరుకు దారిలో జనం కిక్కిరిసి, పక్కనున్న మురుగు కాలువలో ఒకరి మీద ఒకరు పడిపోయారు. ఇరుకు చోట జనం ఎక్కువగా కనిపిస్తారు, కెమెరాకు అదే కావాలి. ఏ పార్టీ అయినా ఈ లెక్కకు అతీతం కాదు. ఆ ఎనిమిదిమంది ఇళ్ల గురించి ఆలోచించినప్పుడు, అభిమానాన్ని జనసాంద్రతతో కొలిచే అలవాటు ఎంత ఖరీదైనదో తెలుస్తుంది.

## చేసిన మేలు ఎందుకు గుర్తుండదు?

"ఇంత చేసినా ఓడించారు" అన్నది ఓడిన ప్రతి నాయకుడి ఆవేదన. దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. పెన్నా మీద సంగం, నెల్లూరు బ్యారేజీలు ఏళ్ల తరబడి నానాయి. 2022 సెప్టెంబరు 6న ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డి రెంటినీ ప్రారంభించారు. పొలానికి నీళ్లిచ్చే పని, కళ్లెదుట కనిపించే కట్టడం. ఇరవై నెలల తర్వాత అదే నెల్లూరు పదికి పది స్థానాలను అవతలివైపు ఇచ్చింది.

దీనికి వివరణ మనుషులు లాభనష్టాలను తూచే తీరులో ఉంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ అనే పరిశోధకులు 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఒకే పరిమాణంలో లాభం ఇచ్చే సంతోషం కంటే నష్టం కలిగించే బాధ బరువెక్కువ. చేతికొచ్చింది కొద్ది రోజుల్లోనే మామూలైపోతుంది. పింఛను మొదటి నెల వరం, ఆర్నెల్లకు హక్కు, ఒక్క నెల ఆలస్యమైతే అన్యాయం. హక్కుగా మారడంలో తప్పు లేదు, అది మారాలి కూడా. కానీ హక్కుకు ఎవరూ కృతజ్ఞత చెప్పరు.

చేయనిదాని సంగతి వేరు. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి మెట్ట ప్రాంతం వెలిగొండ ప్రాజెక్టు కోసం ఎదురుచూస్తోంది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని సొరంగాల ద్వారా తెచ్చి, నాలుగున్నర లక్షల ఎకరాలకు దగ్గరగా తడపాలన్నది పథకం. 1996లో చంద్రబాబు శంకుస్థాపన చేశారు. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో సొరంగాల పనులు నడిచాయి. 2024 మార్చి 6న, ఎన్నికలకు రెండు నెలల ముందు, జగన్ జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. అప్పటికీ నీళ్లు మాత్రం పొలానికి చేరలేదు. 1996లో పుట్టిన బిడ్డ ఈ మధ్యలో పెద్దయి, పెళ్లయి, తాగే నీళ్లలో ఫ్లోరిన్ ఉందని తన పిల్లలకు క్యాన్ నీళ్లు కొంటున్నాడు. అక్కడి ఓటరు ఒకసారి ఒకరికి, ఇంకోసారి ఇంకొకరికి ఓటేస్తే దాన్ని చంచలత్వం అనడం అన్యాయం. అడిగింది మారలేదు. ఎవరిస్తారో తెలియక అడిగే మనిషిని మారుస్తున్నాడు.

సారా వ్యతిరేక ఉద్యమం ఇంకో పాఠం చెబుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమంలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు, వాచకంలోని పాఠం చర్చించుకుంటూ సారా దుకాణాన్ని మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఉద్యమం పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 ఎన్నికల్లో పూర్తి మద్యనిషేధం హామీతో ఎన్టీ రామారావు దిగారు, టీడీపీకి ఒక్కదానికే 216 సీట్లు వచ్చాయి. 1995 జనవరిలో నిషేధం అమల్లోకి వచ్చింది. ఆగస్టులో ఆయన పదవి పోయింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం నిషేధాన్ని ఎత్తేసింది. లెక్క ప్రకారం 1999లో టీడీపీ దెబ్బతినాలి. కానీ 180 సీట్లతో గెలిచింది. కాబట్టి ఓటరు ఒక్క హామీ పట్టుకుని చిట్టా రాసుకుంటాడన్న సూత్రమూ పూర్తిగా నిలవదు. కాలం ముందుకు తెచ్చే ప్రశ్న మారిపోతుంది, పాత ప్రశ్నకు దక్కాల్సిన శిక్షగానీ బహుమతిగానీ దారిలో జారిపోతుంది. దూబగుంట ఆడవాళ్లకు ఇది నిజంగా జరిగిన నష్టం.

## ముందు మారేది ఎవరు?

జనం కంటే ముందు చుట్టూ ఉన్నవాళ్లు మారతారు. 2023 మార్చిలో ఎమ్మెల్యే కోటా ఎమ్మెల్సీ ఎన్నికల తర్వాత, అవతలి అభ్యర్థికి ఓటేశారన్న ఆరోపణతో వైఎస్సార్‌సీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేస్తే అందులో ముగ్గురు ఉమ్మడి నెల్లూరు జిల్లావాళ్లే. ఎన్నికల ముందు ఆ పార్టీ రాజ్యసభ సభ్యుడు వేమిరెడ్డి ప్రభాకరరెడ్డి కూడా బయటికొచ్చి, టీడీపీ తరఫున నెల్లూరు లోక్‌సభ స్థానాన్ని 2.45 లక్షల మెజారిటీతో గెలిచారు. వీళ్లంతా అవకాశవాదులని కొట్టేయడం సులువు, కానీ వాళ్ల కదలిక ఓటరుకు ఒక సమాచారం. ఊరి పెద్ద పార్టీ మారితే అతన్ని నమ్ముకున్న యాభై ఇళ్లు గాలి ఎటు వీస్తోందో గ్రహిస్తాయి. గెలిచేవైపు ఉంటే పనులవుతాయన్న లెక్క మిగిలినవాళ్లనూ లాగుతుంది.

ప్రకాశం జిల్లాకు పేరిచ్చిన మనిషి జీవితమే దీనికి పెద్ద సాక్ష్యం. టంగుటూరి ప్రకాశం పంతులు ఒంగోలు దగ్గరి వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టారు. బారిస్టరుగా సంపాదించిందంతా స్వరాజ్య పత్రికకు, ఉద్యమానికి పోశారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్ వ్యతిరేక ప్రదర్శనలో తుపాకులకు ఎదురుగా చొక్కా విప్పి రొమ్ము చూపారు. ఆంధ్రకేసరి అయ్యారు. 1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రి పదవికి ఆ పేరు) అయితే ఏడాది తిరక్కుండానే దించేశారు. దించింది వీధిలో జేజేలు కొట్టిన జనం కాదు, సొంత పార్టీ శాసనసభ్యులు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో మద్యనిషేధం విషయంలో వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. అదీ సభలోని చేతుల పనే.

జనం చేతిలోనూ ఆయన ఓడారు. 1952లో మద్రాసు హార్బర్ నియోజకవర్గంలో. రొమ్ము చూపిన పారీస్ కార్నర్ పరిసరాలున్నది ఆ వైపే. ఇరవై నాలుగేళ్లలో ఆ వీధుల్లో ఓటర్ల తరమే మారింది, ఆయన కాంగ్రెస్‌ను వదిలి వేరే పార్టీలో ఉన్నారు. ఓటు అడిగేది పాత సాహసానికి కాదు కదా, రాబోయే అయిదేళ్లకు. ఈ వాదన సబబుగానే ఉంటుంది. అయినా అంత ఇచ్చిన మనిషి చివరి రోజులు డబ్బుకు ఇబ్బందిపడుతూ గడిచాయని చదివినప్పుడు ఆ సబబు చాలదనిపిస్తుంది.

## మనిషికా, జెండాకా?

అభిమానం ఎవరి మీద అన్నది తేలితే చంచలత్వం గురించిన సగం అయోమయం తీరుతుంది. గిద్దలూరులో 2014, 2019 రెండుసార్లూ ముత్తుముల అశోక్‌రెడ్డి, అన్నా రాంబాబులే ప్రధాన ప్రత్యర్థులు. మధ్యలో ఇద్దరూ పార్టీలు మార్చుకున్నారు. రెండుసార్లూ వైఎస్సార్‌సీపీ జెండా పట్టుకున్నవాళ్లే గెలిచారు. అక్కడ అప్పుడు ఓటు మనిషిది కాదు. నెల్లూరు రూరల్‌లో మాత్రం కోటంరెడ్డి శ్రీధర్‌రెడ్డి 2014, 2019లో వైఎస్సార్‌సీపీ నుంచి, 2024లో టీడీపీ నుంచి గెలిచారు. అక్కడ జెండా మారినా మనిషి నిలిచాడు, గాలి కూడా కలిసొచ్చింది.

ఒంగోలు లోలకం లాంటిది. 2014లో టీడీపీ నుంచి దామచర్ల జనార్దన్, 2019లో వైఎస్సార్‌సీపీ నుంచి బాలినేని శ్రీనివాసరెడ్డి, 2024లో మళ్లీ జనార్దన్. ఇద్దరికీ స్థిరమైన బలగం ఉంది, మధ్యలో ఊగేది కొద్దిమంది. సర్వేపల్లిలో టీడీపీ నాయకుడు సోమిరెడ్డి చంద్రమోహన్‌రెడ్డి 1999లో గెలిచాక 2004, 2009, 2014, 2019లో వరసగా ఓడారు. మధ్యలో 2012 కోవూరు ఉపఎన్నికలోనూ ఓడారు. పాతికేళ్లకు 2024లో గెలిచారు. ఇన్ని ఓటముల్లోనూ ఆయనకు ఓటేస్తూ వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. చంచలత్వం గురించి రాసే ఎవరూ వాళ్లను లెక్కలోకి తీసుకోరు.

## పోయాక వచ్చే అభిమానం

పదమూడో శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి దగ్గరి సేనాని ఖడ్గతిక్కన కథ ఈ నేల మీద ఇంకా చెప్పుకుంటారు. పాలేటి ఒడ్డున కాటమరాజు సేనతో పోరులో వెనక్కి తగ్గి ఇంటికొస్తే, భార్య ఆడవాళ్లకు చేసినట్టు స్నానానికి మంచం చాటు కట్టి పసుపు ముద్ద పెట్టిందట. తల్లి విరిగిన పాలు వడ్డించిందట. తిరిగి వెళ్లి ప్రాణం విడిచాక వీరుడయ్యాడు. ఇందులో చరిత్ర ఎంతో, కల్పన ఎంతో పక్కన పెడితే, ఏడు వందల ఏళ్లుగా జనం ఈ కథను దాచుకున్నారంటే అందులోని మలుపు వాళ్లకు తెలిసిన మలుపే అయ్యుండాలి.

పొట్టి శ్రీరాములు విషయంలో కల్పన అక్కర్లేదు. దళితుల ఆలయ ప్రవేశం కోసం నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడి దగ్గర ఆయన నిరాహారదీక్ష చేశారు. అట్టల మీద నినాదాలు రాసుకుని, చెప్పులు లేకుండా, గొడుగు లేకుండా నెల్లూరు ఎండలో తిరిగేవారు. తెలియనివాళ్లు పిచ్చివాడనుకున్నారు. 1952 అక్టోబరు 19న మద్రాసులో ఆంధ్ర రాష్ట్రం కోసం దీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. ఆ తర్వాత నాలుగు రోజులకే రాష్ట్ర ఏర్పాటు ప్రకటన వచ్చింది. 2008లో నెల్లూరు జిల్లాకు ఆయన పేరు పెట్టారు.

బతికున్న నాయకుడి నుంచి జనం ఏదో ఒకటి ఆశిస్తారు, అది అందలేదని కోపగించుకుంటారు. పోయినవాడిని అడిగేదేమీ ఉండదు కాబట్టి ఆ అభిమానానికి నష్టభయం లేదు, పైగా అన్ని పార్టీలూ పంచుకోవచ్చు. శ్రీరాములు చేసిన దీక్షల్లో రాష్ట్రం కోసం చేసినదానికి విగ్రహాలు లేచాయి. గుడి తలుపుల గురించి ఎండలో మోసిన అట్టల మాట జయంతి సభల్లో తక్కువగా వినిపిస్తుంది. కలెక్టరేటు బోర్డు మీద జిల్లా పేరు పూర్తిగా ఉంటుంది. ఆర్టీసీ బస్టాండులో కండక్టర్ మాత్రం "నెల్లూరు, నెల్లూరు" అనే పిలుస్తాడు.